చెప్పుల స్టాండు, నలభై స్లైడ్లు

కార్ఖానా ఏరియాలో ఆసుపత్రి గౌన్లు కుట్టే యూనిట్ ఒకటుంది. మంటలు లేస్తే ఎలా బయటపడాలో అక్కడి ఆడవాళ్లకు నేర్పే పాఠాలు తయారుచేసే పని నాకొచ్చింది. గౌన్లు కొనబోయే విదేశీ కంపెనీ ఇంగ్లీషులో నలభై స్లైడ్లు పంపింది. నేను వాటిని తెలుగులోకి మార్చి, బొమ్మల్లోని తెల్లవాళ్లకు చీరలు కట్టి, బొట్లు పెట్టి, సంస్కృతి మొత్తం సర్దేశాననుకున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మొదటి డ్రిల్లులో బెల్లు మోగగానే ఎనభై మందీ గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చి ఆగిపోయారు. అక్కడ చెప్పుల స్టాండు. ఎవరి జత వాళ్లు వెతుక్కుని బయటపడేసరికి ఐదు నిమిషాలు. తనిఖీ రోజున రెండు నిమిషాలు దాటితే ఆర్డరు రాదు, ఎనభై మందికీ పని పోతుంది. నాకు ఒళ్లు మండింది.

"సామాన్లన్నీ వదిలేసి రావాలని చెప్పానా లేదా?"

అందరిలో పెద్దామె, నాడాలు కుట్టే ఆవిడ, తడుముకోకుండా జవాబిచ్చింది. "సంచి ఇడిసిన, టిఫిన్ డబ్బ ఇడిసిన. చెప్పులు సామాన్ ఎట్లయితయ్ మేడం? గేటు అవుతల రోడ్డు మీద జెర ఉత్తకాళ్లతోని నిలబడుండ్రి మీరే."

పంతానికి పోయి నిలబడ్డాను. అరికాళ్లు కాలి, పది లెక్కపెట్టేలోపు గెంతాను.

"మరేం చేద్దాం?" అన్నాను. నలభై స్లైడ్లలో ఎక్కడా లేని ప్రశ్న అది.

"స్టాండు తీస్కపొయ్యి గేటు కాడ పెట్టుండ్రి. చెప్పుల కోసమే ఉరుకుతం."

పెట్టించాను. నిజంగానే ఉరికారు.

తనిఖీకి కంపెనీ నుంచి ఒక విదేశీ ఆవిడ వచ్చింది. మన మర్యాదల గురించి ఆమెకూ నేనే ఒక పాఠం పంపాను. గుమ్మం దగ్గర బూట్లు విప్పాలని అందులో ఉంది. స్టాండు చోటు మారాక ఆ పాఠం మార్చాలని నాకు తట్టలేదు.

బెల్లు మోగింది. ఎనభై మందీ గేటు దాటేశారు. మెట్టు మీద ఒక్కరే మిగిలారు, తీరిగ్గా బూట్ల లేసులు కట్టుకుంటూ, ఆర్డరు ఇవ్వాల్సిన ఆవిడ. చివరి మనిషి బయటికొచ్చేదాకా గడియారం ఆగకూడదన్నది ఆమె పెట్టిన రూలే.

నాడాల ఆవిడ వెనక్కి ఉరికింది. "ఏందమ్మా, పానం కన్న బూట్లెక్కువనా? ఇడిసిపెట్టు!" అని గద్దించి, రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. రోడ్డు మీద ఆమె గెంతుతుంటే తన చెప్పులు విప్పి ఆమె కాళ్ల ముందు పెట్టింది. రెండు నిమిషాలకు ఇంకా కొద్ది సెకన్లున్నాయి.

బయటపడ్డవాళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ వెనక్కి వెళ్లకూడదన్నది నా పదకొండో స్లైడు. తప్పు కాదు, ఇప్పటికీ అలాగే ఉంది. కానీ ఉత్తకాళ్లతో రోడ్డు మీద నిలబడ్డ నాడాల ఆవిడకు ఆ ముక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు.