వాళ్లు నన్నేమీ అడగలేదు

మా ఆయన పోయిన పన్నెండో రోజు నేను బడికి పోయాను. ఇంట్లో ఉండలేక కాదు. ఎక్కడున్నా ఒకటేలాగా ఉంది కాబట్టి పోయాను.

బేతంచెర్లలో చర్చివాళ్ల హైస్కూల్లో నేను తెలుగు చెప్తాను. ఆ మధ్య మా పాస్టరుగారు యెరూషలేము యాత్రకు పోయి, అందరూ తెచ్చే నూనె సీసాలతో పాటు ఒక పరిచయాన్ని కూడా వెంట తెచ్చారు. ఆ దేశంలోనే హైఫా అనే ఊళ్లో యూదు పిల్లలు చదివే హైస్కూలు టీచరమ్మ ఆమె. ఆ స్కూలుకూ హంగరీలో ఇంకో యూదు హైస్కూలుకూ అప్పటికే ఒక ఏర్పాటు నడుస్తోంది. బుధవారం బుధవారం కంప్యూటర్ తెర మీద కలుసుకుని, ఒకరి భాషా ఒకరి పండగలూ ఇంకొకరికి చెప్పుకుంటారు. అందులో మూడో గడిగా మమ్మల్ని కలుపుకున్నారు. తెలుగు నేర్పే పని నా నెత్తిన పడింది. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే. అయినా పిల్లలు ఎక్కడైనా పిల్లలే. హైఫావాళ్లు 'ళ' పలకలేక నాలుక మెలి తిప్పుకుని నవ్వేవాళ్లు. మా తొమ్మిదో తరగతివాళ్లు ఎగతాళి చేస్తే నేను గద్దించేదాన్ని. "మీ అత్త చెప్పిన మాటే నీకు ఎక్కదు, హంగరీవాళ్లకు చెప్తాండావా నువ్వు?" అనేవాడు మా ఆయన.

ఆయనది నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో మిషను పని. ఒక పొద్దున మిషను దగ్గరే కూలిపోయాడు. కర్నూలు చేరేలోపే అయిపోయింది. ఇదీ సంగతి, ఇంతే.

కానీ మాలో ఇంతే అంటే కుదరదు. చావు ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ "ఎట్ల జరిగిందిమా?" అని అడగాలి. అడక్కపోతే వాళ్లకు ప్రేమ లేనట్టు. ఇంటివాళ్లు మొదటి నుంచీ చెప్పాలి. చెప్పకపోతే పొగరు. పొద్దున ఏం తిన్నాడు, వాకిలి దాటేటప్పుడు ఏమన్నాడు, ఫోను ఎవరు చేశారు. ఆత్మకూరు చిన్నత్తకు చెప్తుండగా వేంపల్లెవాళ్లు దిగారు. మళ్లీ మొదటి నుంచి. రెండు రోజులు ఏడుస్తూ చెప్పాను. మూడో రోజుకు ఎక్కడ ఆగాలో, ఎక్కడ అవతలివాళ్లు "అయ్యో" అంటారో తెలిసిపోయింది. చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడిక నాటికి అది నోటికొచ్చిన పాఠం. తెలుగు టీచర్ని కదా, అప్పజెప్పడం బాగానే వచ్చు.

ఏడుపు మాత్రం ఆగిపోయింది. "ఏడ్చేయ్‌మా, లోపల పెట్టుకుంటే పిచ్చి పడతాది" అని మా అత్త గడ్డం పట్టుకుని బతిమాలింది. లోపల కూడా ఏమీ లేదని, కొడుకును పోగొట్టుకున్న మనిషికి నేనెట్లా చెప్పను? నా భయం అదే. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషిని తలుచుకుంటే మిషనూ, అంబులెన్సూ, కర్నూలు రోడ్డూ వస్తున్నాయి తప్ప ఆయన రావడం లేదు. ముఖం కావాలంటే గోడ మీద ఫొటో చూడాల్సి వస్తోంది. అందరం కలిసి ఒకసారి మట్టి చేశాం, ఇప్పుడు నేనొక్కదాన్నే నోటితో ఇంకోసారి పూడ్చేస్తున్నాను అనిపించింది.

బడిలోనూ అదే వరస. స్టాఫ్‌రూములో ముగ్గురికి చెప్పాను, ఆయాకు చెప్పాను. సాయంత్రం తెర మీది బుధవారం క్లాసుకు "మీరు వద్దులే మేడం, ఇంగ్లీషు సారు చూసుకుంటాడు" అన్నాడు హెడ్మాస్టరు. పోతానన్నాను.

తెర వెలగ్గానే ఎప్పుడూ రెండు గడుల నుంచీ "నమస్కారమండీ" అని ఒకటే గోల. ఆ రోజు ఎవరూ నోరు తెరవలేదు. చేతులు ఊపలేదు. వరసగా కూర్చుని నన్నే చూస్తున్నారు. నా సంగతి మా కంప్యూటర్ సారు వాళ్లకు ముందే రాశాడని తెలుసు. నేనూ చూస్తూ నిలబడ్డాను.

హెడ్మాస్టరుకు కాలూ చెయ్యీ ఆడలేదు. "ఏమప్పా, సౌండు పోయిండాదా?" అని కంప్యూటర్ సారును తొందరపెట్టాడు. "హలో, హలో, వినపడతాండాదా?" అని ఇద్దరూ మైకులో అరిచారు. వైర్లు పీకి మళ్లీ పెట్టారు. స్పీకరును రెండు తట్టారు. మా నెట్టు సంగతి మాకు తెలుసు, ఎవరైనా ఊరికే ఉన్నారంటే మాకు అది రిపేరే. "బొమ్మ ఆగిపోయిందేమో సార్" అంది వెనక బెంచీ పిల్ల. అంతలో హైఫాలో ఒకడు గట్టిగా తుమ్మాడు. సౌండు బాగానే ఉంది.

అప్పుడు తెర అడుగున ఆ టీచరమ్మ టైపు చేసిన మాటలు వచ్చాయి. ఇంగ్లీషు సారు చదివి తెలుగులో చెప్పాడు. చావు జరిగిన ఇంటికి పోతే, ఆ ఇంటివాళ్లు మాట్లాడేదాకా వచ్చినవాళ్లు మాట్లాడకూడదట వాళ్లలో. ఏమీ అడక్కూడదట. మీ ఇంటికి రాలేం కాబట్టి ఇక్కడే కూర్చున్నాం, మేడం మాట్లాడకపోయినా క్లాసు అయ్యేదాకా కూర్చుంటాం, అని రాసింది.

"ఇదేం పద్ధతప్పా, మనిషిని పలకరించకుండా" అని గొణిగి, వైరు చేతిలో పట్టుకునే కూర్చుండిపోయాడు హెడ్మాస్టరు.

నేనూ కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అడిగేవాళ్లు లేకపోయేసరికి నా పాఠానికి మొదలు దొరకలేదు. ఎట్ల జరిగింది అంటేనే కదా నేను మిషను దగ్గరికి పోయేది. ఫ్యాను తిరుగుతోంది. బయట రాళ్ల లారీ ఒకటి పోయింది. నాకేమీ అనిపించలేదు, అబద్ధం ఎందుకు.

చాలాసేపటికి, ఎక్కడి నుంచి వచ్చిందో, ఆదివారం గుర్తొచ్చింది. చర్చి అయ్యాక ఆయన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చేవాడు. ఒక్కో బజ్జీ చీల్చి, గింజలన్నీ తీసేసి నా వైపు జరిపేవాడు. "ఇంత నోరుండాది గాని, దానికి కారం మాత్రం పడదు" అనేవాడు. ముందు ఆ వేళ్లు కనపడ్డాయి, గోళ్ల సందుల్లో రాతిపొడితో. తర్వాత ముఖం కనపడింది.

"మా ఆయన నాకు బజ్జీలో గింజలు తీసి పెట్టేవాడు" అన్నాను తెలుగులోనే. ఆ పిల్లలకు ఎంత అర్థమైందో తెలియదు. ఇంగ్లీషు సారు కూడా తర్జుమా చేయలేదు.

పిల్లల ముందు టీచరు ఏడవకూడదు. క్లాసు అయ్యేదాకా ఏడ్చాను. ఎవరూ నన్ను ఊరుకోమనలేదు.