బసవనగుడి ఇంటికి అత్త ఎంచిన రంగు

మా అత్త పోయింది. పోయిన నెల ఒక ఉదయం ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసు బస్సు దిగుతుంటే నాన్న ఫోన్ చేసి, "అక్క లేదమ్మా" అన్నాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. ఆ మాట వినగానే నాకు ఆమె చేతులు గుర్తొచ్చాయి. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు మిగిలి ఉండే చేతులు.

అత్త నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు. బ్యాంకులో ఉద్యోగం చేస్తూ, బసవనగుడిలో ముత్తాత కట్టించిన ఇంట్లోనే ఉండేది. పెంకుటిల్లు, ముందు వరండా, టేకు స్తంభాలు. కిటికీల మీద గొడుగుల్లా వాలిన చూరు, దాని అంచున కుచ్చులా వేలాడే, చెక్కలో కోసిన జాలరు. నా చిన్నప్పుడు ఆ చెక్కంతా ఆకుపచ్చ ఆయిల్ పెయింటు కింద ఉండేది. పండగ వస్తే పాత పూత మీదే కొత్త పూత వేసేవాళ్లు. అలా చెక్కడాలన్నీ పూడిపోయాయి. కిటికీ రెక్కలు మూసుకోవడం మానేశాయి.

తొంభైల చివర్లో తాత పోయాక చిన్నాయన ఒక బిల్డర్‌ను మాట్లాడాడు. ఆ వీధిలో అలాంటి ఇళ్లు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్న రోజులవి. నాన్న కూడా సరేనన్నాడు. వరండాలో అన్నదమ్ములిద్దరూ ఆ మాటల్లో ఉండగా అత్త కాఫీ తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడింది.

"సంతకం పెడతానప్పా, నేనేం అడ్డం రాను. ఉగాది దాకా టైము ఇయ్యండి. ఇల్లు నిజంగా ఎట్లుండాదో ఒకసారి కండ్లారా చూసి, ఆమీద పడగొట్టండి."

"ఏముండాదక్కా చూసేదానికి? అంతా చెదలే" అన్నాడు చిన్నాయన.

"చెదలో కాదో గీకి చూస్తే కదా తెలిసేది!"

ఆ వారమే ఆమె సెలవు పెట్టేసింది. నగర్తపేట నుంచి ఒక వడ్రంగి మేస్త్రీని పిలిపించుకుంది. అప్పటిదాకా ఆమెకు చెక్కపని ఏమీ తెలియదు. విరిగిన గాజుముక్కతో పెయింటు గీకడం, గరుకైన ఉప్పుకాగితంతో రుద్దడం, అవిసె నూనె పట్టించడం, అన్నీ ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంది. మొదట్లో ఉత్సాహం కొద్దీ ఒక కిటికీ రెక్కకు గాట్లు పెట్టేసింది. "స్వల్ప నిదానమమ్మా" అని మేస్త్రీ తన కన్నడంలో చెప్పి నవ్వాడు. ఆ తర్వాత సెలవురోజుల్లో సాయం చేయబోయిన నాకు ఆమే అదే చెప్పింది: "గట్టిగా రుద్దితే పెయింటుతో బాటు చెక్క కూడా పోతాది పాపా."

ఆకుపచ్చ కింద నీలం, దాని కింద ఇటుక రంగు, దాని కింద టేకు. స్తంభం తలకట్టులో తామరపువ్వు రేకులు మొదటిసారి బయటపడిన రోజున అత్త గాజుముక్క పక్కన పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. చెయ్యి కోసుకుందేమోనని మేస్త్రీ కంగారుపడి నీళ్లు తెచ్చాడు. పుట్టి పెరిగిన ఇంట్లో, రోజూ ఆనుకునే స్తంభానికి పువ్వు ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

చూరు జాలరులో కొంత నిజంగానే పుచ్చిపోయింది. మేస్త్రీ కొత్త చెక్కతో ముక్కలు కోసి అతికించి, పాతవాటిలో కలిసిపోయేలా ముదురు రంగు రాస్తానన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "కొత్తది కొత్తదిగానే కనపడనీప్పా. దాచిపెట్టేంత తప్పు అదేం చేసింది?"

ఇక గోడల రంగు. పాత స్విచ్‌బోర్డు విప్పితే దాని వెనక ముత్తాత కాలం నాటి రంగు కనిపించింది. ముదురు పసుపు. అదే వేయాలని నేను పట్టుబట్టాను. అత్త ఇంటి ముందు గోడ మీద ఆ పసుపుతో బాటు రకరకాల రంగుల పట్టీలు పూసింది. పొద్దున కాఫీతో, సాయంత్రం కూరగాయల గంపతో వాటి ముందు కూర్చునేది. దారినపోయేవాళ్లు ఆగి నవ్వేవాళ్లు. చివరికి ఒకరోజు నన్ను పిలిచి చెప్పింది:

"వాళ్లు ఆ రంగు వేసినప్పుడు ఎదురుగా ఖాళీ జాగా. ఎండ నేరుగా పడేది. ఇప్పుడు మూడంతస్తులు లేచినాయి. ఆ పసుపు ఈ నీడలో బురద మాదిరి ఉండాది చూడు. వాళ్లు వాళ్ల ఎండను చూసుకొని వేసినారు. మనం మన ఎండను చూసుకొని వేద్దాం."

మజ్జిగలో చిటికెడు పసుపు కలిపినట్టుండే రంగు ఎంచుకుంది. చెక్కకు మాత్రం నూనె తప్ప ఏమీ పూయనివ్వలేదు.

ఉగాదికి అన్నదమ్ములు వచ్చారు. నాన్న ఇంటిని చూస్తూ వీధిలోనే ఆగిపోయాడు. చిన్నాయన లోపలికెళ్లి పడకగది కిటికీ రెక్క వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు.

"ఇది మూసుకోదని నాయన గుడ్డ కట్టేవాడు కదక్కా" అన్నాడు.

"ఊఁ. వానాకాలమంతా."

ఆ రోజు ఎవరూ సంతకాల ఊసెత్తలేదు. కానీ చిన్నాయన అవసరాలు చిన్నాయనవి. చివరికి పెరడు ఆయన వాటాగా పోయింది, ముందరి ఇల్లు నిలిచింది. పెరట్లో అపార్ట్‌మెంటు లేచి, వంటింట్లోకి వెలుతురు రావడం మానేసింది. అత్త తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. వంటింటి గోడ మీద మళ్లీ పట్టీలు పూసుకుని కూర్చుంది. కొన్నేళ్లకు ఆ అపార్ట్‌మెంటు వాళ్లే వచ్చి, తమ మెట్లగోడకు ఏ రంగు బాగుంటుందని అడిగారు. "డబ్బాలో చూసి ఏ రంగునూ నమ్మొద్దండప్పా" అంటూ బ్రష్ పట్టుకుని వాళ్లతో వెళ్లింది.

నేను బెళ్ళందూరులో ఫ్లాటు కొనుక్కున్నప్పుడు కూడా అలాగే వచ్చింది. ఖాళీ గదుల్లో పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా నేల మీద కూర్చుని, ఎండ ఎటు నుంచి ఎటు పోతుందో నాకు చూపించింది. ఒక ఇంటిని అంత ఓపికగా చూడవచ్చని ఆమె వల్లే తెలుసుకున్నాను.

కర్మకాండలన్నీ అయ్యాయి. ఇల్లు ఏం చేయాలన్న మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. చివరి రోజున బంధువులందరూ వెళ్లిపోయాక, కారు తాళాలు చేతిలో పట్టుకుని చిన్నాయన కూడా బయల్దేరాడు. గుమ్మం దాటబోతూ ద్వారబంధం మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. పిన్ని కారులోంచి పిలిచింది. అయినా ఆయన వాన వెలిసిన వీధిని చూస్తూ, బొటనవేలితో ఆ చెక్కను మెల్లగా నిమురుతూ అలాగే నిలబడ్డాడు.