అడవులదీవిలో లాకులు తీసిందెవరు?

మనిషి మునగాలంటే నడిసముద్రం దాకా వెళ్లనక్కర్లేదు. పొడి ఇసుక మీద దుప్పటి పరుచుకుని, పులిహోర తింటూ కూడా మునగవచ్చు. ఆ ఘనకార్యం చేసింది నేనే. ఎలా చేశానో చెబుతాను. నవ్వండి, నేనేమీ అనుకోను. కానీ మధ్యలో లేచి వెళ్లకండి.

ఆరేళ్ల కిందటి మాట. అప్పటికే నాకు అరవై దాటాయి. బుద్ధి మాత్రం ఇంకా దారిలోనే ఉంది, ఇల్లు చేరలేదు.

మాది తెనాలి. మా వియ్యపురాలు రాజ్యలక్ష్మిగారిది బాపట్ల. ఆవిడకు ఒక సముద్రం ఉంది. ఊరికే ఉండటం కాదు, పెళ్లిలో పుట్టింటివాళ్లు సారె పెట్టి పంపినట్టు ఉంది. "మా సముద్రం" అంటుంది. "మా గాలి" అంటుంది. మాకేముంది? ఇంటి ఎదురుగా కాలవ. అది కూడా ఏడాది పొడుగునా ఉండదు. ఎండలు ముదిరేసరికి పైన లాకులు మూసి నీళ్లు కట్టేస్తారు. మళ్లీ లాకులు తీసే లస్కరు దయ తలచేదాకా అందులో గేదెలు కూడా దిగవు.

ఈ తేడా వల్ల నష్టపోయింది నేను. మా మనవరాలు లాస్య నాకు కొడుకు కూతురు, ఆవిడకు కూతురి కూతురు. వేసవి సెలవులన్నీ బాపట్లలోనే గడిపేసేది. నా వాటాకు వచ్చేవి రెండు రోజులు. ఆ రెండు రోజులూ "నాన్నమ్మా, ఇక్కడ సముద్రం ఎందుకు లేదు?" అని, నేనేదో బీరువాలో పెట్టి తాళం వేసినట్టు అడిగేది.

ఆ ఏడు పిల్లను దింపడానికి బాపట్ల వెళితే, ఆదివారం పూట ఆవిడ మమ్మల్ని సూర్యలంకకు తీసుకెళ్లింది. సముద్రం కనిపిస్తే ఒట్టు. ముందు బస్సులు, బస్సుల వెనక కార్లు, వాటి వెనక మిరపకాయ బజ్జీల బళ్లు, వాటి వెనక మనుషుల వీపులు. ఒక్క అల నా కాళ్ల దాకా వచ్చేసరికి పదిమందిని తడిపి, పాపం ఆయాసపడుతూ వచ్చింది.

"ఎలా ఉందండీ వదినగారూ, మా సముద్రం?" అంది రాజ్యలక్ష్మిగారు.

"సంత బాగుంది. సముద్రం ఎక్కడండీ?"

ఆవిడ మొహం ఎర్రబడింది. "అయితే ఇంతకన్నా మంచి చోటు మీరు చూపించండి, చూద్దాం!"

"చూపిస్తాను. నరమానవుడు కనపడని చోటు చూపిస్తాను."

"చూపిస్తే సెలవుల్లో పది రోజులు పిల్ల మీ దగ్గరే ఉంటుంది. చూపించలేకపోయారో, ఆ రెండు రోజులు కూడా నావే!"

"ఒప్పుకున్నాను."

"మరి నన్నడగరా?" అంది లాస్య, జొన్నపొత్తు నములుతూ. దానికప్పుడు తొమ్మిదేళ్లు.

"నిన్నే అడుగుతాం. తీర్పు నువ్వే చెప్పాలి," అన్నాను.

అన్నానే గాని నాకు తెలిసిన సముద్రం ఏదీ? నేను చదివింది మూడో తరగతి. అప్పటికి మా పుస్తకంలో సముద్రం రాలేదు. కానీ ఒకసారి రేపల్లె బస్టాండులో కూర్చుని బోర్డులు చదువుతుంటే "అడవులదీవి" అన్న పేరు కనపడింది. అడవీ ఉంది, దీవీ ఉంది. రెండూ ఒకే టికెట్టు మీద! మా వీధిలో ఎవరినడిగినా "అదెక్కడ?" అన్నారు. ఎవరికీ తెలియదు కనుక రద్దీ ఉండదు. నా పరిశోధన అంతటితో ముగిసింది.

కాలవలు కట్టేసిన పది రోజులకు బయలుదేరాం. బాపట్ల నుంచి వాళ్లిద్దరూ వచ్చాక తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగి, అక్కడినుంచి ఆటో. నా చేతిలో ఒక సంచీ: పులిహోర క్యారియరు, పాత దుప్పటి, నీళ్ల సీసా. రాజ్యలక్ష్మిగారి చేతిలో మూడు సంచులు, ఒక గొడుగు. ఆవిడ సర్దుకోవడం తెమిలేసరికే పొద్దెక్కింది. మేం ఉప్పుటేటి ఒడ్డున దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

ఏం చెప్పను! ఆవలి ఒడ్డున మడ చెట్లు పచ్చగా, గొడుగులు విప్పినట్టు. వాటి పక్కన తెల్లటి ఇసుక దిబ్బ, దాని వెనక నీలంగా సముద్రం. కొంగలు తప్ప ప్రాణి లేదు. బజ్జీల బండి అసలే లేదు. మధ్యలో ఉప్పుటేరు ఎండిపోయి, బురదలో పడవలు పక్కకు ఒరిగి పడుకున్నాయి. నడిమధ్యన జానెడు లోతు నీళ్లు.

ఒడ్డున ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"దిబ్బ మీదికాండి అమ్మా? కాసేపు కూర్చోండి. నీళ్లొచ్చాక పడవలో తీసుకెళ్లి, మళ్లీ తీసుకొస్తాను."

"నీళ్లు ఎక్కడినుంచి వస్తాయయ్యా? పైన లాకులు మూసి పది రోజులైంది."

"పైనుంచి కాదమ్మా, కింద నుంచి."

నాకు నవ్వొచ్చింది. "కాలవ కింద నుంచి పైకి పారుతుందా? నలభై ఏళ్లుగా కాలవ ఒడ్డున కాపురం చేస్తున్నాను. ఎవరికి చెబుతున్నావు నాయనా?"

"ఇది కాలవ కాదండి, ఏరు. రేపు పున్నమి కూడాను. పోటు గట్టిగా ఉంటది."

"చూశారా వదినగారూ, పడవ బేరానికి పున్నమిని కూడా సాక్ష్యానికి పిలిచాడు! పొడి నేల మీద నడవడానికి పడవెందుకు?"

రాజ్యలక్ష్మిగారు నసిగింది. "సముద్రం పక్కన నీళ్లు వస్తుంటాయి, పోతుంటాయి వదినగారూ. ఆయన చెప్పేది విందామండి."

"రావడం, పోవడం మీ బాపట్ల సముద్రానికి అలవాటు. మా వైపు నీళ్లు చెప్పినమాట వింటాయి."

అంత ధీమాగా చెబితే మీరైనా నడిచేవారు. చెప్పులు చేత్తో పట్టుకుని, జానెడు లోతు నీళ్లలో ముగ్గురం దాటేశాం. దిబ్బ మీద దుప్పటి పరిచాం. ఎర్రటి ఎండ్రకాయలు మమ్మల్ని చూసి బొరియల్లో దూరాయి. గాలి ఎంత బాగుందంటే, విసనకర్రల వాళ్లు చూస్తే ఏడుస్తారు. లాస్య సముద్రం దాకా పరిగెత్తింది, వచ్చింది, మళ్లీ పరిగెత్తింది. రాజ్యలక్ష్మిగారు రెండోసారి పులిహోర పెట్టించుకుని, మెల్లగా, పన్ను పీకించుకున్నట్టు అంది:

"నిజమేనండి వదినగారూ. బాగుంది."

నా మెడ జానెడు పొడుగు సాగింది. పది రోజులు! ఏ రోజు పిల్లకు ఏం వండాలో లెక్క వేసుకుంటూ కాళ్లు చాపుకుని కూర్చున్నాను. కునుకు కూడా పట్టింది.

"నాన్నమ్మా, నీ చెప్పు వెళ్లిపోతోంది."

కళ్లు తెరిచాను. నా ఎడమకాలి చెప్పు తాపీగా నీళ్లమీద పోతోంది. పోతే పోయింది, ఎటు పోతోందో చూడండి! సముద్రం వైపు కాదు, ఊరి వైపు. కాలవ వెనక్కి పారుతోంది. మేం దాటి వచ్చిన చోట జానెడు నీళ్లు కాస్తా నిలువెత్తు లోతయ్యాయి.

మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకు కాలేదు. నాకు తోచింది ఒక్కటే.

"ఎవడో లాకులు తీశాడు!" అని అరిచి, రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి మడ చెట్ల వైపు తిరిగాను. "లస్కరూ! ఓ లస్కరూ! ఇక్కడ మనుషులున్నారు! మూసెయ్!"

కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. లస్కరు మాత్రం పలకలేదు.

దుప్పటి అంచు తడిసింది. సగానికి మడిచాం. మళ్లీ తడిసింది, పావుకి మడిచాం. చివరికి చేతిరుమాలంత దుప్పటి మీద ముగ్గురం కొంగల్లా నిలబడ్డాం. రాజ్యలక్ష్మిగారు గొడుగు ఎందుకు తెరిచిందో ఇప్పటికీ చెప్పలేదు.

"క్యారియరు ఎత్తండి వదినగారూ!" అన్నాను.

"ముందు పిల్లని ఎత్తండి!"

"పిల్ల నిలబడగలదు, పులిహోర నిలబడలేదు!"

మోకాళ్లు తడిసేసరికి పడవ వచ్చింది. వల బాగుచేసుకుంటున్న ఆయనే. ఒడ్డున కూర్చుని మమ్మల్నే కనిపెట్టుకుని ఉన్నాడట. ఒడ్డు పక్క బురదలో కూరుకున్న పడవ తేలగానే వచ్చేశాడు. ముందు లాస్యను ఎక్కించి, తర్వాత వియ్యపురాలిని, చివరికి క్యారియరుతో సహా నన్ను లాగాడు.

"చెప్పాను కదమ్మా," అన్నాడు.

"అదలా ఉంచు. లాకులు తీసిందెవరో పేరు చెప్పు. ఆఫీసుకెళ్లి అడుగుతాను."

ఆయన తెడ్డు ఆపి, తూర్పుకు చూపించాడు. సముద్రం మీద పలచటి అప్పడంలా చందమామ అప్పుడే పైకి వస్తున్నాడు.

"ఆయనేనండి. రోజుకి రెండుసార్లు తీస్తాడు, రెండుసార్లు మూస్తాడు. ఆఫీసు అక్కడే. వెళ్లి అడగండి."

ఒడ్డు చేరేదాకా వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. పది రోజులు పోయాయి. ఉన్న రెండూ పోయాయి. పడవ దిగాక రాజ్యలక్ష్మిగారు కుచ్చిళ్లు పిండుకుంటూ, "ఇక తీర్పు చెప్పవే లాస్యా," అంది.

అది నా కుడికాలి చెప్పు వైపు చూసింది.

"అమ్మమ్మ సముద్రం దగ్గరికి మనమే వెళ్లాలి. నాన్నమ్మ సముద్రం మన దగ్గరికే వచ్చింది. చెప్పు కూడా తీసుకెళ్లింది. నాన్నమ్మే గెలిచింది!"

రాజ్యలక్ష్మిగారు మాట తప్పే మనిషి కాదు. "పది రోజులూ మీవేనండి," అంది. "కానీ పిల్లతో పాటు నేనూ వస్తాను. మిమ్మల్ని నమ్మి ఒంటరిగా పంపితే, ఈసారి దాన్ని ఏ కాలవలో నిలబెడతారో!"

వచ్చింది. ఆరేళ్లుగా ప్రతి వేసవికీ వస్తూనే ఉంది. సాయంత్రం కుర్చీ వేసుకుని, నీళ్లు లేని కాలవ వైపు చూస్తూ, వచ్చిన వాళ్లందరికీ "ఇదండీ మా కాలవ" అని చూపిస్తుంది.

కనుక మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. లాకులూ లస్కరూ కనపడని నీళ్లు ఎంత ఎండిపోయి ఉన్నా, ఇకమీదట అందులో కాలు పెట్టను. పెట్టాల్సివస్తే ముందు పడవాయన్ని, తర్వాత పంచాంగాన్ని అడుగుతాను. పులిహోర కన్నా ముందు పిల్లను ఎత్తుకుంటాను.

కుడికాలి చెప్పు మాత్రం పారేయలేదు. ఆ చందమామ మూసిన లాకులు మళ్లీ తీస్తాడని, పైకి వెళ్లిన నీళ్లు కిందికి కూడా వస్తాయని ఇప్పుడు నాకు తెలుసు. ఎడమది ఏదో ఒకరోజు రాకపోదు.