చేతికి అతుక్కున్న పట్టుచీర

నాకు మొదటినుంచీ అనుమానం ఎక్కువ. పాలు చిక్కగా ఉన్నా ఇందులో ఏం కలిపారో అనుకునే రకం. భవానీపురంలో చీరల కొట్టు పెట్టాక ఆ గుణం పనికొచ్చిందనే చెప్పాలి. ఒక్క నేతాయన మీద మాత్రం ఎప్పుడూ అనుమానపడలేదు. పదిహేనేళ్లుగా మా కొట్టుకి పట్టుచీరలు ఆయనే నేసి తెస్తారు. నేను బాబాయ్ అంటాను, ఆయన అమ్మాయ్ అనేవారు.

మొన్న ఎండాకాలం కొట్టుకి అద్దాల తలుపులు పెట్టించి ఏసీ వేయించాను. ఆ వారమే ఆయన ఇచ్చి వెళ్లిన చీరను ప్లాస్టిక్ కవర్లోంచి లాగితే చిటపటమంది. విప్పబోతే చేతికి అతుక్కుపోయింది. ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఇలా చేసేది పాలిస్టర్ చీరలేనని నా నమ్మకం. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పట్టులో పాలిస్టర్ కలిపేశాడు! ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లలో ఇంకెన్ని చీరల్లో కలిపాడో!

మర్నాడు ఆయన రాగానే చీర ముందు పడేసి, "ఏమండీ, ఇది పట్టేనా?" అన్నాను. బాబాయ్ అనలేదు, కావాలనే. ఆయన తల దించుకున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాను.

ఆయన కొంగు చివర ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చారు. పాలిస్టరైతే కరిగి ఉండకడుతుంది. ఇది వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య బూడిదైపోయింది. అసలైన పట్టు.

"ఏసీ ఆపి తలుపులు తీయించండి," అన్నారు. "గాలి పొడిగా ఉంటే పట్టుకీ ఈ రోగం వస్తుందండి. కవర్‌కి రాసుకుంటే కరెంటు పుట్టి చీరలోనే ఉండిపోద్ది. గాల్లో చెమ్మ ఉంటే నిలవదు. మగ్గం చుట్టూ మేం నేల తడిపేది అందుకే. లేకపోతే పోగులు ఒకదాన్నొకటి తోసుకుని చిక్కుపడతాయి."

తీయించాను. కాసేపటికి కృష్ణానది వైపునుంచి చెమ్మగాలి కొట్టులోకి వచ్చింది. అదే చీర బుద్ధిగా పరుపు మీద పరుచుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పైపోయింది బాబాయ్."

"పర్లేదులెండి."

ఇప్పటికీ చీరలు ఆయనే తెస్తారు. మూట విప్పగానే, నేను అడక్కముందే, ఒక్కో చీరలోంచి పోగు లాగి కాలుస్తారు. వద్దు బాబాయ్ అని చెయ్యి పట్టుకున్నా వినరు.

"చూసుకోండి మేడమ్," అంటారు.