మూడో అంతస్తు దాటేటప్పుడు

మడత గేటు పక్కకి లాగగానే ముందు వాసనే తగిలింది. పాత గ్రీజు, తేమ పట్టిన రబ్బరు చాప, ఏళ్ల తరబడి ఎందరో పట్టుకున్న ఇనుము, వీటన్నిటికీ అడుగున ఎక్కడో ఫినాయిలు. జూబ్లీ హిల్స్‌లో మూతపడిన ఆ ఆసుపత్రి భవనాన్ని ఇప్పుడు షూటింగులకి అద్దెకిస్తున్నారు. దయ్యాల సినిమాలవాళ్లు క్యూ కడుతున్నారట. నేను కాస్ట్యూమ్స్ డిపార్ట్‌మెంటులో పనిచేస్తాను. ఆ రోజు నర్సు వేషాలు వేసే జూనియర్ ఆర్టిస్టుల కోసం ఇస్త్రీ చేసిన తెల్లచీరలు పట్టుకుని వెళ్లాను. ఆర్ట్ డిపార్ట్‌మెంటువాళ్లు లిఫ్టుకున్న అసలు సాలెగూళ్లు శుభ్రంగా దులిపేసి, తాము తెచ్చిన సాలెగూళ్లు అతికిస్తున్నారు. నవ్వొచ్చింది. కానీ చీరల మూట కింద పెట్టి, ఆ గేటు ముందు అలాగే నిలబడిపోయాను. చిన్నప్పుడు నేను ఇంట్లో కన్నా ఆ లిఫ్టులోనే ఎక్కువ పెరిగాను.

మా అమ్మ అక్కడ స్టాఫ్ నర్సు. బాపట్ల దగ్గర పల్లె నుంచి పెళ్లై హైదరాబాదు వచ్చింది. నాన్న సినిమా కంపెనీల్లో దర్జీ. అవుట్‌డోర్ పడిందంటే గోదావరి గట్ల మీదో ఊటీలోనో నెలల తరబడి ఉండిపోయేవాడు, వచ్చినప్పుడు హీరోయిన్ల జాకెట్లకి పోగా మిగిలిన జరీ ముక్కలు నా బొమ్మలకి తెచ్చేవాడు. వెంగళరావు నగర్‌లో మేమున్న రెండు గదుల పోర్షన్‌లో బడి వదిలాక నన్ను చూసుకునే మనిషి లేదు. నర్సులు పిల్లల్ని వెంట తెచ్చుకోకూడదని ఆసుపత్రిలో మేట్రన్ పెట్టిన కట్టుబాటు. అందుకని అమ్మ, మా పిల్ల శ్రీనగర్ కాలనీలో మా అక్క దగ్గర ఉంటుందండీ అని ఆవిడకి చెప్పుకుంది. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి ఆడిన అబద్ధం అది. ఆ పెద్దమ్మని నేను ఇప్పటిదాకా చూడలేదు, లేని మనిషిని ఎలా చూస్తాను. బడి రిక్షా నన్ను ఆసుపత్రి వెనక గేటు దగ్గర దింపేది. "ఎవరైనా అడిగితే పేషెంటు తాలూకు అని చెప్పు. నేను కనపడినా పలకరించకు అమ్మలూ," అని అమ్మ మొదటిరోజే చెప్పింది. అప్పటికి నేను మూడో క్లాసు.

పలకరించడానికి వీల్లేని అమ్మ ఉన్న ఆ భవనంలో నాకు తోడు రెండు లిఫ్టులు. ముందువైపుది షోకిలా లిఫ్టు: టేకు చెక్క గోడలు, నిలువుటద్దం, కూర్చోవడానికి మడత పలక, ఇత్తడి బటన్లు. అందులో ఫిల్మ్ నగర్ నుంచి వచ్చే నిర్మాతలు, నల్లకళ్లద్దాలు తియ్యకుండా వచ్చే నటీమణులు, వాళ్ల వెనకాల యాపిల్ బుట్టలు మోసుకొచ్చే డ్రైవర్లు ఎక్కేవాళ్లు. వాళ్లు దిగిపోయాక కూడా లోపల సెంటు వాసన మిగిలేది, నేను అద్దం ముందు నిలబడి ఆ వాసన పీలుస్తూ నల్లకళ్లద్దాలు ఉన్నట్టు నడిచేదాన్ని. వెనకవైపుది స్ట్రెచర్ లిఫ్టు. గదంత పొడుగు, అంతా ఇనుమే, గోడలకి ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉండేది. దానికి లోపల ఒక మడత గేటు, ప్రతి అంతస్తు దగ్గర బయట ఇంకో మడత గేటు. రెండూ పూర్తిగా మూస్తేగాని కదిలేది కాదు. ఎవరైనా పైన గేటు సరిగా వెయ్యకుండా వెళ్లిపోతే లిఫ్టు అక్కడే ఉండిపోయేది, కింద నిలబడ్డవాళ్లంతా మెడలెత్తి లిఫ్టు తిరిగే ఆ బావిలోకి "గేటెయ్యండయ్యా" అని కేకలు పెట్టేవాళ్లు. డాబా మీద మోటారు గది కిటికీలోంచి తొంగి చూస్తే గ్రీజు కారుతున్న పెద్ద చక్రం, దాని మీదుగా జారిపోతున్న ఇనుప తాళ్లు కనపడేవి. చక్రం ఇటు తిరిగితే ఎవరో పైకి వస్తున్నారు, అటు తిరిగితే ఎవరో దిగిపోతున్నారు. బండలన్నీ వేడెక్కి పొగలు కక్కే ఎండాకాలం సెలవుల్లో ఆ కిటికీ నీడనే కూర్చుని అటూ ఇటూ లెక్కేసుకోవడం నా ఆట.

స్ట్రెచర్ లిఫ్టు నడిపేది నర్సింలు తాత. ఖాకీ చొక్కా, చెవి వెనక బీడీ, ఎప్పుడూ విసుగు. కానీ ఆ విసుగులోనే నన్ను స్టూలు మీద కూచోబెట్టుకునేవాడు. "జర జరుగు బిడ్డా, పేషెంటొస్తుండు," అనేవాడు, స్ట్రెచర్ దిగిపోయాక మళ్లీ నా చోటు నాకిచ్చేవాడు. ఆషాఢంలో బోనాల మర్నాడు స్టీలు డబ్బాలో బెల్లం అన్నం తెచ్చిపెట్టేవాడు. వానలు వెనకపట్టాక గుట్టల మీంచి సీతాఫలాల గంపలతో ఆడవాళ్లు వెనక గేటు దగ్గరికి వచ్చినప్పుడు పండిన కాయలు ఏరి తన టవల్లో మూటగట్టేవాడు, ఆ గింజలు లిఫ్టుకీ అంతస్తుకీ మధ్య సందులోంచి కిందికి వదిలి, ఎంతసేపటికి చప్పుడవుతుందో వినేవాళ్లం. క్రిస్మస్‌కి నర్సులంతా కలిసి లిఫ్టు కప్పుకి కాగితం నక్షత్రం కట్టేవాళ్లు. మా అమ్మమ్మ బాపట్ల నుంచి అచ్చుతో వేయించి పంపిన గులాబీ పువ్వులు, కజ్జికాయలు అమ్మ తన చేత్తో అన్ని వార్డులకీ పంచేది. నా వంతు మాత్రం నర్సింలు తాత చేతికిచ్చి పంపేది. అందరికీ అమ్మ చేతి మీదుగా, నాకు ఇంకొకరి చేతి మీదుగా. గులాబీ పువ్వు నోట్లో కరకరలాడుతుంటే ఏడుపు వచ్చేది.

అయినా ఆ లిఫ్టుని వదిలిపెట్టకపోవడానికి కారణం ఒకటుంది. అమ్మ వార్డు మూడో అంతస్తు. అమ్మ బల్ల సరిగ్గా స్ట్రెచర్ లిఫ్టుకి ఎదురుగా ఉండేది. లిఫ్టు నాలుగో అంతస్తుకి వెళ్తున్నప్పుడు గేటు ఊచల్లోంచి ముందు గోడ, తర్వాత నేల, నేల మీద అమ్మ తెల్ల బూట్లు, బల్ల, బల్ల మీద మందుల ట్రే, ఆఖరికి వంచిన తల, తెల్ల టోపీ. అంతలోనే మళ్లీ గోడ. దిగేటప్పుడు అదంతా వెనక్కి, టోపీ నుంచి బూట్ల దాకా. ఆ కాస్త కోసం నేను బడి నుంచి వచ్చింది మొదలు చీకటి పడేదాకా ఎక్కుతూ దిగుతూ ఉండేదాన్ని. లిఫ్టు ఆ చోట ఎంత గరగరలాడినా అమ్మ తలెత్తేది కాదు. మాత్రలు విడదీస్తూనో, చార్టు రాస్తూనో ఉండేది. ఆయాలు చూసేవాళ్లు, మంచాల మీది పేషెంట్లు చూసేవాళ్లు, అమ్మ మాత్రం చూసేది కాదు. ఇంటికెళ్లాక అన్నం కలిపి ముద్దలు పెట్టేది, జడ వేసేది, ప్రార్థన చేయించేది, ఆ సంగతి మాత్రం నేను అడగలేదు, తను చెప్పలేదు. నేనంటే అమ్మకి బరువేమో అనుకునేదాన్ని. ఆ వయసులో ఆ అనుమానం కన్నా పెద్ద దయ్యం లేదు.

దయ్యం అంటే గుర్తొచ్చింది. ఆసుపత్రిలో ఎవరైనా పోతే శవాన్ని స్ట్రెచర్ లిఫ్టులోనే కిందికి దించేవాళ్లు. అంబులెన్సు వెళ్లాక నర్సింలు తాత లోపల పసుపునీళ్లు చల్లి, అగరుబత్తి గుచ్చి, రెండు గేట్లూ మూసి, పైనున్న వార్డుబాయ్‌ని కేకేసి నాలుగో అంతస్తులో బటన్ నొక్కించేవాడు. లిఫ్టు ఒక్కసారి ఎవరూ లేకుండా పైదాకా పోయి రావాలి, అప్పటిదాకా ఎంతటి డాక్టరైనా మెట్లెక్కాల్సిందే. "పోయినోళ్లు పైకి పోవాలె గద బిడ్డా. మనమే ఎక్కి కూసుంటే వాళ్లేడ కూసుంటరు," అని నాకు చెప్పాడు. అమ్మకి అలాంటివి నచ్చవు, అయినా లిఫ్టు ఆ ఒక్క చుట్టు తిరిగొచ్చేదాకా ఆగేది.

ఒక వానాకాలం సాయంత్రం ఒక ముసలాయన పోయాడు. ఆయన్ని దించేసి, తాత అగరుబత్తి వెలిగించుకోవడానికి గోడ చాటుకి వెళ్లాడు. అప్పుడే మేట్రన్ వరండా చివర నుంచి మా వైపు వస్తూ కనపడింది. నాకు తోచిన దారి ఒకటే, లిఫ్టులోకి దూరి మూలన మడిచి పెట్టిన చక్రాల కుర్చీ వెనక కూర్చున్నాను. తాత వచ్చాడు, అగరుబత్తి గుచ్చాడు, గేట్లు మూసి పైకి కేకేశాడు. లిఫ్టు కదిలింది. మొదటి అంతస్తు, రెండోది, మూడోది. అమ్మ తల సగం కనపడి కిందికి జారిపోతుండగా కరెంటు పోయింది. జనరేటరు ఒక్క ఆపరేషన్ థియేటరుకే ఉండేది. మిగతా భవనమంతా చీకటి, వాన చప్పుడు, అగరుబత్తి ఎర్రటి చుక్క.

గట్టిగా పిలిస్తే అమ్మ సంగతి బయటపడుతుంది. పిలవకపోతే భయంతో చచ్చిపోతాను. అందుకని మధ్యే మార్గంగా సండే స్కూల్లో నేర్పిన పాట ఒకటి సన్నగా పాడుకోవడం మొదలుపెట్టాను. శవం దిగిన లిఫ్టులోంచి, ఖాళీగా పంపిన లిఫ్టులోంచి, చీకట్లో పాట. మూడో అంతస్తులో ఎవరిదో ట్రే కింద పడింది. ఆయాలు పరుగెత్తిన చప్పుడు. కింద నుంచి నర్సింలు తాత గొంతు వినపడింది: "నేనే పంపిన సిస్టరమ్మా, అండ్ల ఎవ్వరు లేరు. దగ్గరికి పోకుండ్రి." ఆయన మాట అక్కడ వేదం. లిఫ్టు వైపు ఒక్కరూ రాలేదు.

ఒక టార్చిలైటు మాత్రం వచ్చింది. లిఫ్టు నేల అమ్మ మెడ ఎత్తున ఆగి ఉంది. నేను బోర్లా పడుకుంటే నా మొహం, అమ్మ మొహం ఊచలకి అటూ ఇటూ.

"రాగం తప్పుతున్నావే," అంది. చెయ్యి రెండు గేట్ల సందుల్లోంచి లోపలికి పెట్టి నా చెంప పట్టుకుంది. చేతికి స్పిరిట్ వాసన.

అప్పుడడిగాను. "రోజూ ఇటే వెళ్తాను కదమ్మా. నువ్వు చూడవేంటి?"

అమ్మ టార్చి కింద పెట్టింది. "చూస్తే ఆగలేనే. లేచి వచ్చేస్తాను," అంది.

ఆ తర్వాత కరెంటు ఎప్పటికీ రాకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. అమ్మ వేళ్లు నా జుట్టులో ఉన్నాయి. ఆ భవనంలో అమ్మ నాకు అమ్మగా దొరికింది ఆ కాసేపే. ఇంతలో ఇంకో టార్చి వెలుగు, దాని వెనక మేట్రన్.

"ఎవరి పిల్ల అది?"

నేర్చుకున్న పాఠం నేనే అప్పజెప్పాను. "పేషెంటు తాలూకు అండీ," అన్నాను లోపల్నించి.

"కాదండీ," అంది అమ్మ, చెయ్యి తియ్యకుండా. "నా పిల్లే."

మేట్రన్ చెడ్డ మనిషి కాదు. అమ్మ ఉద్యోగం తియ్యలేదు. రేపటి నుంచి పిల్ల ఇక్కడ కనపడకూడదు అని మాత్రం అంది. ఊచల్లోంచి తనని పట్టుకున్న నా చెయ్యి అమ్మ విడిపించింది. కరెంటు వచ్చేలోగా "చెయ్యి లోపలికి లాక్కో" అని మాత్రం చెప్పింది. దీపాలు వెలిగాయి, లిఫ్టు నన్ను పైకి తీసుకుపోయింది.

మర్నాటి నుంచి ఇంటి తాళంచెవి నల్లతాడుతో నా మెడలో వేలాడింది. బడి నుంచి వచ్చి తలుపు తీసుకుని, గడియ వేసుకుని, అమ్మ వచ్చేదాకా రెండు గదుల్లో అటూ ఇటూ నడిచేదాన్ని. పక్క పోర్షన్‌లో రేడియో వినపడేది. నా పిల్లే అన్న మాట ఒక్కటీ పెట్టుకుని ఆ సాయంత్రాలన్నీ గడిపాను. ఆ మాట దొరికినందుకు అమ్మ కనపడకుండా పోయిందని కోపం వచ్చేది, మళ్లీ ఆ మాటే తలుచుకుని ఊరుకునేదాన్ని.

అమ్మ పోయి ఏడాది దాటింది. ఇప్పటి లిఫ్టులకి స్టీలు తలుపులు, దారిలో ఏ అంతస్తూ కనపడదు, అంకెలు మాత్రం మారుతుంటాయి. నర్సింలు తాత లేడు, బావిలోకి పెట్టే కేకలు లేవు. మా స్ట్రెచర్ లిఫ్టు మోటారు, తాళ్లు పాత సామాన్ల వాళ్లకి వెళ్లిపోయాయట. ఇనుప డబ్బా కింద అంతస్తులో ఇటుకల మీద కూర్చుంది.

"మేడమ్, హీరోయిన్ ఇంకా రాలేదు. లైటింగ్ చూసుకోవాలి, ఒక్క నిమిషం లోపల నిలబడతారా?" అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్.

నిలబడ్డాను. గేటు మూశారు. బయట ఇద్దరు లైట్‌మెన్ పెద్ద లైటు ముందు అట్టముక్కలు పై నుంచి కిందికి జరుపుతుంటే ఊచల నీడలు నా మీదుగా దిగిపోయాయి. మానిటర్లో చూసేవాళ్లకి లిఫ్టు పైకి వెళ్తున్నట్టే ఉంటుందట. నాకూ అలాగే ఉంది. ఒక వెలుగు దాటింది, ఇంకొకటి దాటింది. మూడోది వచ్చేసరికి తెల్ల బూట్ల కోసం చూపు నేల మీదికి దిగింది. గేటుకి అవతల, లైటు వెనకాల, నల్లగుడ్డ కట్టి ఉంది.

"ఓకే మేడమ్, థాంక్యూ. వచ్చేయండి," అన్నాడు ఆ అబ్బాయి.

"లైటు సరిగ్గా పడినట్టు లేదు బాబూ," అన్నాను. "ఇంకోసారి చూసుకోండి."