చెల్లి బూట్లకు పసుపుదారం

మా చెల్లి ఎడమ బూటు ఒకసారి ఒంటరిగా పంద్రాగస్టు జరుపుకుంది. చోడవరం బడి మైదానంలో పిల్లలంతా కవాతు చేస్తూ ముందుకెళ్ళిపోయాక, అదొక్కటే బురదలో అటెన్షన్‌లో నిలబడి ఉంది. అది పెద్దనాన్న కూతురి బూటు. లోపల చెల్లి కాలికే కాదు, ఇంకొకరి కాలికీ చోటుండేది. చెల్లి ఒంటి బూటుతోనే జెండా దాకా నడిచింది. అక్కడ ఏడవలేదు. ఇంటికొచ్చి, తలుపులన్నీ తెరిచి, వీధి వీధంతా వినేలా ఏడ్చింది.

మరుసటేడు డ్రిల్లు మాస్టారు ముందే తేల్చేశారు. కాలికి నిలిచే తెల్ల కాన్వాసు బూట్లుంటే ముందు వరస, లేకపోతే వెనక వరస. చెల్లి పొట్టి. వెనక నిలబడితే దానికి జెండా బదులు జడరిబ్బన్లే కనబడతాయి.

కొత్తవి కొనడానికి నాన్న ఒప్పుకున్నారు. బూట్లు అనకాపల్లిలో దొరుకుతాయి. కానీ బస్సు ఊరు దాటకముందే చెల్లి వాంతి చేసుకుంటుంది. కాబట్టి మనిషి ఇంట్లోనే ఉంటుంది, కాలి కొలత మాత్రం అనకాపల్లి వెళుతుంది. పట్టుకెళ్ళే బాధ్యత నాకప్పగించారు. హైస్కూలు ఆఖరి ఏడు చదువుతున్న నా మీద నమ్మకమని అనుకున్నాను. ఇంట్లో ఇంకెవరూ ఖాళీగా లేరని అమ్మ చెప్పింది.

కొలత తీసే అధికారం నాయనమ్మది. నాలుగు పోగులు పేనిన నూలుదారాన్ని చెల్లి మడమ నుంచి బొటనవేలి దాకా పట్టింది.

"కదలకే గుంటా!"

"సక్కిలిగింతలవుతన్నాయి నాయనమ్మా!"

"అవనీ. ఎదిగే కాలు. ఇయి రెండేళ్ళైనా తొడగాల."

అంటూ తన బొటనవేలు అడ్డంగా రెండుసార్లు పెట్టి, అంత మేరా అదనంగా వదిలి దారం తెంపింది. చెల్లి మొహం వాడిపోయింది.

"మళ్ళీ బురదలో ఉండిపోతాది."

"ఈసారి రెండూ ఉండిపోతాయిలే. ఒకదానికొకటి తోడు," అన్నాను. ఓదార్చడం నాకు మొదట్నుంచీ రాదు. చెల్లి చేతికందిన చేట నా మీదికి విసిరింది.

పిల్లకి కొత్తదేదైనా వస్తోందంటే మా నాయనమ్మ దానికి పసుపు తగిలించాల్సిందే. కొత్త గౌను అంచుకి పసుపు, కొత్త పలక చట్రానికి పసుపు. బూట్లు ఇంకా రాలేదు కాబట్టి, ఆ దారాన్నే పసుపునీళ్ళలో ముంచి దండెం మీద ఆరేసింది. ఆరాక అమ్మ కాగితంలో చుట్టి నా జేబులో పెట్టింది.

అనకాపల్లిలో కొట్టాయన అడిగాడు, "పాపేది బాబూ?"

దారం తీసి చూపించాను.

"ఇదేటి, తాళి కట్టడానికొచ్చేవా?"

"మా చెల్లి కాలండీ."

"మరీ సిక్కిపోయింది. తిండెట్టట్లేదేటి?"

అయినా ఓపిగ్గా దారాన్ని ఒక్కో బూటులో పరిచి, మడమ నుంచి కొస దాకా సరిగ్గా పట్టిన జత ఇచ్చాడు.

సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ అరుగు మీదున్నారు. చెల్లి బూట్లు తొడిగి నిలబడింది. నాయనమ్మ ముందుకు వంగి బూటు కొస నొక్కి చూసింది. రెండు బొటనవేళ్ళ ఖాళీ ఉండాలి కదా, ఒక్కటే ఉంది.

"ఓలమ్మో! నా కొలత ఏటి సేసేవురా?"

"బస్సులో ఆకలేసింది నాయనమ్మా. కొస మాత్రమే తిన్నాను."

నా మాట నమ్మక, దారం తెప్పించి చెల్లి కాలి పక్కన పరిచింది. దారమూ ఒక్క బొటనవేలే ఎక్కువ చూపించింది. నాయనమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"ఒక్క పూటలో ఇంత పెరిగిందా! ఎవరి కళ్ళు పడ్డాయో!"

"ఈ లెక్కన పంద్రాగస్టుకి పడవలు కొనాలి," అన్నాను.

నాన్న మాత్రం నిజంగానే చెల్లి రెండో కాలు కూడా చూశారు. అప్పుడు అమ్మ మెల్లగా అంది, "అత్తా, తడిపితే నూలు ముడుసుకోదేటి? కొత్త రవిక ఉతికేక పట్టట్లేదని మొన్న నువ్వే కదా గోలెట్టేవు."

నాయనమ్మ పెట్టిన అదనంలో సగం పసుపునీళ్ళే తాగేశాయన్నమాట. నాయనమ్మే ముందుగా తేరుకుంది.

"అయితే ఇయి ఇచ్చీసి పెద్దయి తెమ్మను."

ఆ మాట పూర్తికాకముందే చెల్లి అరుగు దూకింది. వాకిట్లో దూడ కట్టేసే చోట వారం రోజుల వాన నిలిచి ఉంది. అందులోంచి లెఫ్ట్ రైట్ అనుకుంటూ అటు నుంచి ఇటు నడిచింది, ఇటు నుంచి అటు పరిగెత్తింది. ఆగి కిందికి చూసుకుంది. రెండు బూట్లూ కాళ్ళకే ఉన్నాయి.

"నాయనమ్మా, ఊడలేదు!"

మోకాళ్ళ దాకా బురద. అలాంటి బూట్లు ఏ కొట్టూ వెనక్కి తీసుకోదు. ఆ సంగతి చెల్లికి ముందే తెలుసా అని నేనడగలేదు. మంచి ప్రశ్నలు కొన్ని అడక్కుండా వదిలెయ్యాలి.

అమ్మ వాటిని ఉతికి, సుద్దముక్కతో తెల్లగా రుద్దింది. పంద్రాగస్టునాడు సన్నగా జల్లు పడింది. పెద్దలు ఏమేం మాట్లాడారో నాకు తెలియదు. నేను చూసింది ముందు వరసలో ఒక ఎడమ కాలిని. పోయినేడు బూటు దిగబడిన చోటే అది టప్పున దిగి, బూటుతో సహా పైకి లేచింది. సుద్ద కారి తెల్లటి చారలు పడ్డాయి. జెండా ముందు నిలబడి అందరూ పైకి చూస్తుంటే, చెల్లి కిందికి చూసుకుని నవ్వింది. మా అరుగు వాళ్ళలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నాయనమ్మే.

పై యేడు వచ్చేసరికి బూటులో ఆ ఖాళీ పోయి, చెల్లి వేళ్ళు కొసకి తగిలాయి. నాయనమ్మ దారంతో పాటు పసుపుగిన్నె కూడా పట్టుకొచ్చింది.

"ఈసారి ముందే ముంచీసి, ఆరేక కొలుస్తాను."

"కాదు నాయనమ్మా," అంటూ చెల్లి కాలు ముందుకు చాపింది. "పోయినేడులాగే. ముందు కొలు, తరవాత ముంచు."

"నాకే సెప్తన్నావేటే, గుంటకానా!"

అంటూనే పొడి దారం తీసి, మడమ దగ్గర పట్టింది.