రెక్క కొసన శ్యామల

విమానం క్షేమంగా నేలకు దిగిన తర్వాత కూడా దానికి ప్రమాదం ఉంటుందని నమ్మేవాళ్లు తక్కువ. మా వదిన శ్యామల ఆ కొద్దిమందిలో ఒకరు. జీతం పుచ్చుకుని మరీ నమ్ముతుంది. విమానం గేటు వైపు మెల్లగా దొర్లివచ్చేటప్పుడు ఎదురుగా నిలబడి దారి చూపే మనిషిని మార్షలర్ అంటారు. అంత దూరం నుంచి అతనికి రెక్క కొసకూ, పక్కన నిలిపిన బండికీ మధ్య ఎంత ఎడముందో అంచనా అందదు. అందుకని ఒక్కో రెక్క కొసన ఒక్కో మనిషి నేల మీద తోడు నడుస్తారు. కుడి రెక్క కొసన నడిచేది మా వదిన.

గోదావరిఖని బొగ్గుబాయి క్వార్టర్లలో పుట్టి, ఐటీఐ చదివి, మా అన్నయ్యను పెళ్లాడాక ఈ ఉద్యోగంలో చేరిన ఆమెకు ఇప్పుడు ముప్పై మూడేళ్లు. పై అధికారుల నడకను వాళ్ల వెనకే నడుస్తూ అనుకరించడంలో ఆమెకు సాటి లేదు. పనిలో మాత్రం, సందేహం వస్తే ఆపాలన్న ఒక్క నియమాన్ని, న్యాయశాస్త్రం చదివిన నాకన్నా గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు వల్లనే మొన్న మార్చిలో ఆమె విమానాశ్రయం పాసు పోయింది.

జరిగింది ఇది. విమానం గేటుకు చేరువవుతుండగా, భోజనాలు తెచ్చే లారీ వెనుక భాగం, బండ్లు దాటకూడని ఎర్రగీత దాటి రెక్క దారిలోకి వచ్చినట్టు ఆమెకు కనిపించింది. ఆగమనడానికి నియమాల పుస్తకంలో ఉన్న సైగ ఒక్కటే: చేతుల్లోని రెండు కర్రలనూ తలపైన కత్తెరలా పట్టుకోవాలి. కంగారులో ఆమె ఒక కర్రను మోకాళ్ల ఎత్తున అటూ ఇటూ ఊపింది. ఆమె తండ్రి పోశం ముప్పై ఏళ్లపాటు బాయిలో పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బులను ఆపడానికి దీపంతో చేసిన సైగ అది. మార్షలర్‌కు అది అర్థం కాలేదు. అయినా భయమేసి విమానాన్ని ఆపాడు. కొలిచేవాళ్లు వచ్చేలోపు లారీ డ్రైవర్ తన బండిని గీత ఇవతలికి తీసేశాడు. ఇక మిగిలిన సాక్ష్యం పదకొండు నిమిషాల ఆలస్యం మాత్రమే.

ఆమెను పనిలో పెట్టుకున్న కాంట్రాక్టు సంస్థ రెండు అభియోగాలు మోపింది: అకారణంగా విమానాన్ని ఆపించడం, పుస్తకంలో లేని సైగ చేయడం. పాసు తీసేసుకుంది. విచారణలో ఓడితే ఆ పాసు తిరిగిరాదు. పాసు లేనివాళ్లకు విమానాల దగ్గర పని లేదు.

విచారణాధికారి విజయేందర్ గారు వేరే నగరంలో ఉంటారు కనుక విచారణ వీడియోలో పెట్టారు. వదిన అప్పటికే పుట్టింటికి చేరింది. నేను ఆమె తరఫున రాసిన ఏడు పేజీల జవాబుతో అక్కడికి వెళ్లాను.

“గిన్ని పేజీలల్ల నా పేరు ఎన్నిసార్లున్నది?” అని అడిగింది, కాగితాలు తిరగేస్తూ.

“మూడుసార్లు వదినా.”

“సహజ న్యాయం పేరు పదకొండుసార్లున్నది. పాసు పోయింది దానిదా, నాదా?”

విజయేందర్ గారి వాదన సూటిగానే ఉంది. పైలట్‌కు కళ్లున్నాయి, మార్షలర్‌కు కళ్లున్నాయి. ఆ నాలుగు కళ్లకూ కనిపించని ప్రమాదం ఈమె ఒక్కదానికే ఎలా కనిపించింది? నేను రెండో పేజీ తీసేలోగా వదిన అయిదు నిమిషాల ప్రదర్శనకు అనుమతి అడిగింది. ఆయన సరేనన్నారు.

వాకిట్లో, అదే వీధిలో ఉండే సిద్దిరాములు ఆటో సిద్ధంగా ఉంది. దాని పైకప్పుకు అడ్డంగా, రెక్కల్లా, పొడవాటి వెదురుబొంగు కట్టి ఉంది. వదిన విచారణ నడుస్తున్న ఫోన్‌ను ముందరి అద్దానికి, దారి కనిపించేటట్టు బిగించింది.

“ఇగ మీరే పైలట్ సార్. జాగ ఉంటె రమ్మనుండ్రి, లేకుంటె ఆగుమనుండ్రి,” అని వెళ్లి బొంగు కొసన పెదవులు బిగబట్టి నిలబడింది.

“జాగా బాగానే ఉంది. రానివ్వండి,” అన్నారు విజయేందర్ గారు.

“జర సూసి చెప్పుండ్రి సార్,” అన్నాడు సిద్దిరాములు.

“చూస్తూనే ఉన్నానయ్యా. రా.”

ఆటో కదిలింది. పక్కింటి కిష్టవ్వ అరుగు అంచున ఉన్న చల్లనీళ్ల మట్టి రంజన్ బొంగు కొస తగిలి పడి పగిలింది. నీళ్లు వాకిలంతా పారాయి. కిష్టవ్వ బయటికి వచ్చి, ఎవరు పలగ్గొట్టారని అడిగింది. సిద్దిరాములు ఫోన్ వైపు వేలు చూపించాడు.

“గా సారు రమ్మన్నడు, నేనొచ్చిన.”

ఆమె వంగి ఫోన్‌లోకి చూసింది. “ఏం నాయనా, గంత పెద్ద రంజన్ కానరాలేదా నీకు?”

“నాకు ముందున్న దారే కనిపించిందమ్మా.”

“కానరానోనివి రమ్మని ఎట్లంటివి? బొంగు కాడ మనిషి నిలవడ్డది గద, అడుగరాదా?”

నా జవాబులో రెండో పేజీ నుంచి అయిదో పేజీ దాకా ఉన్న వాదన అదే. నాకు నాలుగు పేజీలు పట్టింది. అయితే కిష్టవ్వ రంజన్ ఎప్పుడూ వంటింట్లో ఉండేదన్న సంగతి నాకు తట్టి, వదినను చాటుగా అడిగాను.

“అది పాతదే పిల్లా, ఎట్లయిన కారుతున్నది,” అంది ఆమె.

ఏ ప్రశ్న దగ్గర ఆగాలో న్యాయవాదికి తెలిసి ఉండాలి. నేను ఆగాను.

ఫోన్ తిరిగి లోపలి బల్ల మీదికి చేరాక విజయేందర్ గారు, “మరి సైగ మాట?” అన్నారు. నేను ఆరో పేజీ తెరిచాను. అంతలో మూలన కూర్చున్న పోశం లేచాడు.

“సైగ నాది సారూ. చిన్నప్పుడు ఇంట్ల టబ్బులాట ఆడిపిచ్చుకుంట నేనే నేర్పిన. కసురుడుంటె నన్ను కసురుండ్రి.”

“బాపు, నువ్వు జర ఊకో,” అంది వదిన. తర్వాత ఫోన్ వైపు తిరిగింది. “సైగ తప్పే సార్. మార్షలర్ భయపడ్డడు గాబట్టి ఆగింది. ఆయనకు ధైర్యమెక్కువుంటె నేను ఎంత ఊపినా విమానం ఆగకపోతుండె. గని ఆపుడు మాత్రం తప్పు కాదు. రేపు మల్ల లారీ గట్లనే నిలవడితె మల్ల ఆపుత.”

నేరాంగీకారం కక్షిదారుకు ఎంత చేటో నాకు తెలుసు కనుక బల్ల కింద ఆమె కాలు తొక్కాను. ఆమె తిరిగి నా కాలు తొక్కింది, ఇంకా గట్టిగా.

తొమ్మిదో రోజున ఉత్తర్వు వచ్చింది. మొదటి అభియోగం నిలవలేదు. రెండోదానికి మూడు రోజుల శిక్షణ తరగతి, అది పూర్తికాగానే పాసు వాపసు. బొగ్గుబాయి సైగతోనైనా విమానాన్ని ఆపిన మనిషికి శిక్షణ పేరుతో శిక్ష ఏమిటని నేను మండిపడ్డాను. అప్పీలుకు ముప్పై రోజుల గడువుందని చెప్పాను.

“ఏసీ గదిల కూసోవెట్టి చేతులు పైకి లేపుడు నేర్పుతరట,” అంది వదిన, చీరలు మడతపెడుతూ. “నేర్చుకోవాల్సిందే గద అది. దానికి సుత కోర్టుకు పోతవా?”

తరగతి సోమవారం మొదలవుతుంది. ఆదివారం పొద్దున మంచిర్యాల నుంచి గోదావరిఖని మీదుగా విమానాశ్రయమున్న ఊరికి పోయే బస్సులో ఆమె కుడివైపు కిటికీ పక్క సీటు పట్టుకుంది.